ఫోటో స్టూడియోలో కాకర నారు

సూర్యాపేట బస్టాండుకు దగ్గర్లో, మా వీధిలో, వెన్నెల ఫోటో స్టూడియో ఉంది. దానికి ఎదురుగా మాది పుస్తకాలు, పెన్నులు అమ్మే చిన్న దుకాణం. ఒకప్పుడు పెళ్ళిచూపులకు ఫోటో కావాలన్నా, కొత్త జంట పక్కపక్కన నిలబడి తీయించుకోవాలన్నా చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళంతా ఆ స్టూడియోకే వచ్చేవాళ్ళు. ఇప్పుడు జనవరి, ఫిబ్రవరి నెలల్లో అక్కడికి వచ్చేవాళ్ళలో సగం మంది కాకర, బీర, సొర మొక్కల కోసం వస్తున్నారు. మిగతావాళ్ళు పాస్‌పోర్టు సైజు ఫోటోలకని వచ్చి, పోతూ పోతూ రెండు టమాట మొక్కలు పట్టుకుపోతున్నారు. ఇదంతా వందన చేసిన పని.

వందన పుట్టింది కోదాడ పక్కన అనంతగిరిలో. తండ్రి బిక్షపతిది మిరప, వరి వ్యవసాయం. ఇంట్లో అన్నదమ్ములున్నా మిరప నారుమడి చూసుకునే పని చిన్నప్పటి నుంచీ ఆమెదే. విత్తనం చల్లాక మడి మీద వరిగడ్డి పరచడం, మొలక కనబడగానే ఆ గడ్డిని నెమ్మదిగా తీసేయడం, పొద్దు వాలాక నీళ్ళు సన్నగా చిలకరించడం ఆమె ఆటల్లో భాగంగానే నేర్చుకుంది. ఏ పనికైనా 'నాతో అవుతుందా' అని అడిగే అలవాటు ఆమెకు లేదు. 'ఎట్ల చెయ్యాలె' అని మాత్రమే అడిగేది.

శ్యాంసుందర్‌ను పెళ్ళి చేసుకొని సూర్యాపేట వచ్చాక ఆమెకు కనుచూపు మేరలో పిడికెడు మట్టి కనబడలేదు. కింద స్టూడియో, పైన రెండు రేకుల గదులు, వాటి ముందు కాస్త డాబా. అంతే ఇల్లు. మెట్లు సిమెంటు, వీధి సిమెంటు. వచ్చిన ఏడాదే ఖాళీ పెయింటు డబ్బాలు సంపాదించి, పుట్టింటి నుంచి సంచుల్లో మట్టి తెప్పించి డాబా మీద తోట మొదలుపెట్టింది. కండక్టరు ఆ సంచులకు టికెట్టు కొట్టాలంటే, "మట్టికి టికెట్టు ఎక్కడన్న ఉన్నదా?" అని వాదించి మరీ తెచ్చిందట. వానాకాలం, చలికాలం ఆ తోట బాగానే కాసేది. వంకాయ, చిక్కుడు, తోటకూర కొనుక్కునే పని ఉండేది కాదు.

ఎండాకాలమే ఆమెకు లొంగలేదు.

కాకర తీగ అంటే ఆమెకు ప్రాణం. జనవరిలో గింజ పెడితే చలికి మొలకెత్తక మట్టిలోనే కుళ్ళిపోయేది. శివరాత్రి దాటాక పెడితే మొలిచేది గాని, తీగ పందిరెక్కి పూత పట్టేసరికి మే నెల వచ్చేది. మే నెలలో మా ఊరి డాబాల మీద కాలు పెట్టలేం. పూతంతా రాలిపోయేది. ఒకటీ అరా పిందె నిలిచినా వేలెడైనా పెరగకముందే పండిపోయేది. ఏటేటా ఇదే తంతు.

ఎండలు ముదరకముందే కాయ చేతికి రావాలంటే శివరాత్రికే మొక్క జానెడు ఎత్తు ఉండాలి. అంటే చలి ఇంకా ఉండగానే ఎక్కడో వెచ్చని చోట గింజను మొలిపించాలి. పైనున్న రేకుల గదులు చలికాలం తెల్లవారుజామున బయటికన్నా చల్లగా ఉంటాయి. ఇంటి మొత్తానికి వెచ్చని చోటు ఒక్కటే: కింద స్టూడియో లోపలి గది.

ఆ గదికి కిటికీలు లేవు. బయటి వెలుగు లోపలికి రాకూడదని శ్యాంసుందర్ తండ్రి అట్లా కట్టించాడు. ఎదురుగోడ నిండా గుడ్డ మీద రంగులతో వేసిన పెద్ద తెర ఉండేది. సరస్సు, అందులో హంసలు, వెనక నీలం కొండలు. మా వీధిలో ఆ సరస్సు ముందు నిలబడి ఫోటో దిగని మనిషి లేడు. మూలన ఇన్వర్టరు పగలూ రాత్రీ గోరువెచ్చగా ఉండేది. ఫోన్లలోనే అందరూ ఫోటోలు తీసుకోవడం మొదలయ్యాక, పెళ్ళి పనులు డ్రోన్లున్న కుర్రాళ్ళకు పోయాక, ఆ గదిలో లైట్లు వెలిగే రోజులు బాగా తగ్గిపోయాయి. శ్యాంసుందర్ ముందు గదిలో కౌంటరు వెనక కూర్చొని పేపరు చదువుకుంటూ ఉండేవాడు.

ఒక జనవరిలో వందన ఎవరినీ అడగకుండా కాకర గింజల మొనలు గోళ్ళు తీసుకునే గోరుగల్లుతో కాస్త కత్తిరించి, నానబెట్టి, తడిగుడ్డలో మూటగట్టి ఇన్వర్టరు మీద పెట్టింది. మర్నాడు శ్యాంసుందర్ చూశాడు.

"ఇదేంది వందనా? ఇన్వర్టరు మీద తడిగుడ్డ పెడతవా? షాకు కొడితే ఏం గావాలె?"

"స్టీలు గిన్నెల పెట్టి పైన కవరు సుట్టిన. సుక్క నీళ్ళు కారయ్. మీరు ముట్టకుండ్రి, లోపల కాకర గింజలున్నయ్."

"స్టూడియోల కాకర గింజలా?"

"పైన చలి ఉన్నది, ఈడ లేదు. అంతే."

డాబా మీద వారాలు గడిచినా కదలని గింజలు అక్కడ చూస్తుండగానే పగిలి తెల్లటి ముక్కు బయటపెట్టాయి. టీ కొట్టు దగ్గర వాడి పడేసిన పేపరు కప్పులు కడిగి తెచ్చి, అడుగున బొక్క పొడిచి, మట్టీ పశువుల ఎరువూ కలిపి నింపి, ఒక్కో కప్పులో ఒక్కో మొలక పెట్టింది. ఆ కప్పుల్ని సరస్సు తెర కింద వరుసగా పేర్చింది. రెండేసి ఆకులు విచ్చుకునేసరికి ఆమె సంబరం చూడాలి. మా ఆవిణ్ణి పిలిచి మరీ చూపించింది.

ఆ సంబరం ఎక్కువ రోజులు నిలవలేదు. మొక్కలు దారాల్లా సాగిపోయాయి. రంగు పాలిపోయి, అన్నీ తలుపు సందు వైపే వాలాయి. కాస్త నీళ్ళు చల్లితే ఆ బరువుకే పడిపోయాయి.

"ఎరువు సాలలేదేమో. ఇంకింత వేస్త," అంది వందన.

శ్యాంసుందర్ గొంతుక్కూర్చొని ఒక కప్పును ఇటూ అటూ తిప్పి చూశాడు. "ఎరువు కాదు. దీనికి వెలుతురు సాలలే. సూడు, అన్ని ఒక్కదిక్కే తిరిగినయ్. మనిషి మొఖం మీద లైటు ఒక్కపక్కనే పడితే ఎట్లుంటదో, గట్లనే ఉన్నది."

వెంటనే పోయి పాత హాలోజన్ లైటు స్టాండుతో సహా తెచ్చి మొక్కల మీదికి తిప్పి వెలిగించాడు. పెళ్ళికూతుళ్ళ ముఖాల మీద పడిన లైటు అది. మధ్యాహ్నానికల్లా ఆకులు అంచుల్లో మాడిపోయాయి. అతను తలపట్టుకున్నాడు. వందనకు మాత్రం నవ్వొచ్చింది.

"వెలుగు కావాలె, వేడి వద్దు. సల్లటి లైటు లేదా మీ దగ్గర?"

ఉంది. వీడియోలు తీసేటప్పుడు వాడే ట్యూబులైట్ల పెట్టె ఒకటి అటక మీద దుమ్ము పట్టి ఉంది. దాన్ని దించి తుడిచి, బోర్లా తిప్పి, రెండు తాళ్ళతో పైకప్పు కొక్కేలకు వేలాడదీశాడు. మొక్కలకు జానెడు ఎత్తులో ఉంచి, అవి పెరిగే కొద్దీ తాడు లాగి పైకి జరిపే ఏర్పాటు చేశాడు. వందన కొత్తగా గింజలు నానబెట్టింది. ఈసారి వచ్చిన మొక్కలు పొట్టిగా, లావుగా, చిక్కటి ఆకుపచ్చగా ఉన్నాయి. పొద్దున షట్టరు ఎత్తగానే శ్యాంసుందర్ మొదట పేపరు తీయడం మాని, లోపలికి పోయి మొక్కల్ని చూసి వచ్చేవాడు.

ఇంకొక దెబ్బ మిగిలే ఉంది. చలి తగ్గిందనిపించి వందన కప్పులన్నీ ఒకేసారి డాబా మీదికి తీసుకుపోయి ఎండలో పెట్టింది. నీడపట్టున పెరిగిన మొక్కలు సాయంత్రానికి వడలి తలలు వాల్చాయి. చాలావరకు చచ్చిపోయాయి. ఆ రోజు ఆమె అన్నం ముట్టలేదని మా ఆవిడ చెప్పింది. కాని మర్నాటి నుంచి బతికినవాటిని పొద్దుటి ఎండలో కాసేపే ఉంచి లోపలికి తెచ్చేది. రోజురోజుకూ ఆ కాసేపును పెంచుతూ పోయింది. పైన నీడకు పాత చీర కట్టింది. అట్లా అలవాటు పడ్డ మొక్కలే డబ్బాల్లోకి పోయి, తీగలు సాగి, పందిరెక్కాయి. ఉగాది నాటికి కాయలు దిగాయి. మా ఇంటికీ ఒక గిన్నెడు వచ్చాయి. మార్చిలో మా వీధిలో డాబా మీద కాసిన కాకరకాయ తినడం అదే మొదటిసారి.

మరుసటి చలికాలం వీధిలో ఆడవాళ్ళు మొక్కలు నాకంటే నాకని ముందే చెప్పిపెట్టుకున్నారు. వందన కాకరతో పాటు బీర, టమాట కూడా మొలిపించింది. ఆ జనవరిలోనే తావుర్యా వచ్చాడు.

తావుర్యాది దామరచర్ల దగ్గర ఒక తండా. కరెంటు ప్లాంటు కట్టేటప్పుడు ఏళ్ళ తరబడి అక్కడ కూలికి పోయి, ఆ పని అయిపోయాక తన పొలం మీదికి తిరిగొచ్చినవాడు. తల్లిని సూర్యాపేట దవాఖానలో చూపించడానికి తీసుకొచ్చాడు. ఏదో కాగితానికి ఫోటో కావాలంటే స్టూడియోకు వచ్చి లోపలి గదిలో స్టూలు మీద కూర్చున్నాడు. కెమెరా వైపు చూడమంటే చూడడు. అతని చూపంతా లైటు కింద కప్పుల మీదే ఉంది.

"అక్కా, గివి కాకర మొక్కలే కదా? గింత చలిల ఎట్ల మొలిసినయ్?"

"వెచ్చగ ఉన్నది, మొలిసినయ్. నీకు కావాల్నా తమ్మీ?"

"అరెకరం పెడదామని ఉన్నదక్కా. బోరుల నీళ్ళున్నయ్. పోయినేడు గింజ పెడితే సగం మొలవనే లేదు. మిర్యాలగూడ మార్కెట్‌కు అందరికన్న ముందుగాల కాయ తీస్కపోవాలని నా కోరిక."

"అరెకరానికి మొక్కలు నేనిస్త. శివరాత్రి ముందటనే ఇస్త," అంది వందన.

కెమెరా వెనక శ్యాంసుందర్ ఉలిక్కిపడ్డాడు. తావుర్యా వెళ్ళేదాకా ఆగి, తర్వాత అడిగాడు.

"అరెకరమంటే ఎన్ని మొక్కలో ఎరుకేనా నీకు?"

"ఎరుకే. ఈ గది నిండ అయితయ్."

"గది నిండనా? మరి ఫోటోలు యాడ తియ్యాలె?"

"ముందుగదిల తీయొచ్చు."

"ముందుగదిల తీసేటిది స్టూడియో అంటరా? ఈ తెర ముందట మా నాయిన ఎంతమందిని నిలబెట్టిండో నీకు తెల్వదు. గీ గది పోతే నేను ఫోటోగ్రాఫర్‌ను కాదు. జిరాక్సు దుకాణమోన్ని."

వందన తావుర్యాకు ఇచ్చిన మాటను వెనక్కి తీసుకోలేదు. రెండు మూడు రోజులు ఇద్దరి మధ్యా 'అన్నం తినుండ్రి', 'తలుపు పెట్టు' అనే మాటలే నడిచాయి. ఆమె ఈలోపు అనంతగిరికి ఫోన్ చేసి తండ్రిని గింజలు సిద్ధం చేయమంది. బిక్షపతి తన ఇంట్లో ఉన్నవే కాక ఊళ్ళో నాలుగిళ్ళు తిరిగి, పొట్టిగా, ముళ్ళు తేలి కాసే నాటు కాకర రకం గింజలు పోగుచేసి పెట్టాడు.

ఒక పొద్దున నేను దుకాణం తెరుస్తుంటే ఎదురుగా స్టూడియో ముందుగదిలో వందన స్టూలెక్కి గోడకు ఏదో కడుతోంది. ఇస్త్రీ చేసిన తెల్ల దుప్పటి. ముడతల్లేకుండా నాలుగు మూలలా లాగి కట్టి, దాని ముందు ఫోటోల స్టూలు వేసి, చీర కుచ్చెళ్ళు సర్దుకొని కూర్చుంది. శ్యాంసుందర్ మెట్లు దిగి వచ్చాడు.

"ఒక ఫోటో తీయుండ్రి," అంది.

"ఎందుకు?"

"నాకు కావాలె. పెళ్ళయిన కొత్తల తీసిందే ఉన్నది."

అతను పోయి కెమెరా తెచ్చాడు. పొద్దుటి ఎండ ఎదుటి గోడకు తగిలి, మెత్తబడి, షట్టరు గుండా ఏటవాలుగా లోపలికి వస్తోంది. ఒకటి తీశాడు. నచ్చలేదు. స్టూలును కాస్త షట్టరు వైపు జరిపాడు. ఆమె గడ్డం పట్టుకొని కొద్దిగా పక్కకు తిప్పాడు. నీడ పడుతున్న వైపు థర్మోకోల్ షీటు నిలబెట్టి మళ్ళీ తీశాడు. మళ్ళీ తీశాడు. అలక సంగతి మరిచిపోయి, "కదలకు, జర కండ్లు పైకెత్తు," అంటూ పనిలో పడిపోయాడు. తర్వాత ఇద్దరూ కంప్యూటర్ ముందు కూర్చున్నారు. అతను ఆ ఫోటోను పెద్దది చేసి చాలాసేపు చూశాడు.

"మంచిగొచ్చింది," అన్నాడు.

"లోపలి గదిలకన్న?"

భోజనాల వేళ దాటాక శ్యాంసుందర్ నన్ను కేకేశాడు. పోయి చూస్తే లోపలి గదిలో నిచ్చెన మీద ఉన్నాడు.

"అన్నా, జర అవతలి కొస పట్టుకో. కింద పడితే రంగు లేస్తది."

ఇద్దరం కలిసి సరస్సు తెరను జాగ్రత్తగా చుట్టి, పాత చీరలో కట్టి, అటక మీద పడుకోబెట్టాం. ఖాళీ గోడ వైపు ఒకసారి చూసి అతను నిచ్చెన దిగాడు. పైనున్న భార్యకు వినబడేట్టు గట్టిగా, "వందనా! ఒక్క లైటు పెట్టె సాలదు. ఇంకా కావాలె. రేపు ఎలక్ట్రిషన్‌ను పిలుస్తున్న," అన్నాడు.

ఆ వారమంతా స్టూడియోలో ఒకటే హడావిడి. తెరలు కట్టే ఇనుప పైపులతో శ్యాంసుందర్ మొక్కలకు అరలు తయారుచేశాడు. ఒక్కో అర కింద ట్యూబులు బిగించాడు. స్కూటరు మీద మిర్యాలగూడ పోయి, తెలిసిన రైసు మిల్లులో నల్లగా కాలిన ఊక రెండు బస్తాలు అడిగి తెచ్చాడు. తిరిగొచ్చేసరికి కనురెప్పల దాకా మసి పట్టి ఉంది. కొబ్బరిపొట్టు, ఎరువు, కొద్దిగా ఆ ఊక కలిపి వందన నర్సరీవాళ్ళు వాడే నల్లటి గుంతల ట్రేలు నింపింది. మొలిచిన గింజ మొలిచినట్టే గుంతలోకి పోయింది. నెలాఖరుకు ఆ గది తలుపు తీస్తే కళ్ళకు పచ్చదనం కొట్టేది. ఫోటోల కోసం వచ్చినవాళ్ళు జేబుల్లోంచి ఫోన్లు తీసి ఆ మొక్కలనే ఫోటోలు తీసుకునేవాళ్ళు.

ఆ తర్వాత ఒక తెల్లారి వందన తలుపు తీసేసరికి ఒక ట్రేలో మొక్కలన్నీ పక్కకు పడి ఉన్నాయి. ఆకులు పచ్చగానే ఉన్నాయి. కాడ మట్టిని తాకే చోట మాత్రం నల్లగా నీరుగారి, దారంలా సన్నబడిపోయింది. పక్క ట్రేలోనూ అదే మొదలైంది. నారుకుళ్ళు. పుట్టింట్లో మిరప మడిలో ఆమె చిన్నప్పుడే చూసిన తెగులు. చేతిలో ట్రే పట్టుకొని ఆమె అట్లాగే నిలబడిపోయింది.

"ఏమైంది?" అని శ్యాంసుందర్ వచ్చాడు.

"మూసిన గది. గాలి ఆడలేదు. పెరగాలని నేను నీళ్ళు ఎక్కువ పోసిన." అంతవరకే అంది. వెంటనే కొంగు బిగించింది. "ఇగ నిలబడి సూస్తె కాదు. పడ్డవి బయట పారేయుండ్రి. నీళ్ళు బంద్. మీ దగ్గర పెద్ద ఫ్యాను ఉండాలె కదా, పెళ్ళికూతుళ్ళ కొంగులు ఎగరనీకె పెట్టేటిది?"

ఆ ఫ్యాను వచ్చింది. మొక్కల మీద నేరుగా కాకుండా గోడకు కొట్టి తిరిగొచ్చేట్టు పెట్టారు. పగలంతా తలుపులు తీసి ఉంచారు. మట్టి మీద పొడి ఊక బూడిద పలచగా చల్లారు. తెగులు తగిలిన ట్రేలన్నీ వీధి చివరకు మోసి పారబోశారు. అప్పటికే మూడోవంతు మొక్కలు పోయాయి. మిగిలినవి నిలబడ్డాయి.

ఆ సాయంత్రమే వందన తావుర్యాకు ఫోన్ చేసింది. ఇంకా కొన్నాళ్ళు ఆగి చూద్దామని శ్యాంసుందర్ అన్నా వినలేదు.

"తమ్మీ, ఉన్న సంగతి చెప్తున్న. మొక్కల్ల మూడోవంతు పోయినయ్. నీళ్ళు ఎక్కువ పోసి నేనే తప్పు చేసిన. ఉన్నవి మంచిగున్నయ్. పోయినవాటికి మళ్ళ గింజ పెట్టిన. అవి జర వెనక వస్తయ్."

"అక్కా, నేను సాళ్ళు తీసి, కర్రలు పాతి కూసున్న. కూలోళ్ళకు గూడ చెప్పిన."

"నువ్వే వచ్చి సూడు. నచ్చకపోతే తీస్కపోకు. నేనేమనుకోను."

తావుర్యా వచ్చాడు. ముఖం ముడుచుకునే వచ్చాడు. నేరుగా అరల దగ్గరికి పోయి, ఒక గుంతలోంచి మొక్కను మెల్లగా పైకి లాగాడు. మట్టి ముద్ద చెదరలేదు. దాని చుట్టూ తెల్లటి వేళ్ళు అల్లుకొని ఉన్నాయి. మరో ట్రేలోంచి ఇంకొకటి లాగాడు. అదీ అట్లాగే ఉంది. వాటిని మళ్ళీ గుంతల్లో పెట్టి చేతులు దులుపుకున్నాడు.

"నా పొలంల పై చెలకల ఇవి ఏస్త. కింది చెలక నీ రెండో దఫాకు ఆపుత. కాని అక్కా, నువ్వు గూడ రావాలె. నాటేటప్పుడు నా ముందట ఉండాలె."

"వస్త. వద్దన్న వస్త," అంది వందన.

డాబా మీద ఎండకు అలవాటు చేసిన మొక్కల్ని ట్రాలీ ఆటోలోకి ఎక్కించి, మీద పచ్చ వల కప్పి, శివరాత్రికి ముందే బయల్దేరారు. డ్రైవరు పక్కన వందన, వెనక ట్రేలు పట్టుకొని శ్యాంసుందర్. మిర్యాలగూడలో మిల్లుల దగ్గర లారీల వెనక చిక్కుకొని ఆగుతూ కదులుతూ పోతుంటే, గతుకుల్లో మొక్కలు ఊగకుండా అతను రెండు చేతులూ చాచి అడ్డుపెట్టి కూర్చున్నాడట. పొలం చేరేసరికి ఎండ వాలుతోంది. వందన చెప్పులు వదిలి సాలులోకి దిగింది. పాదు ఎంత లోతు ఉండాలో, మట్టిముద్ద చెదరకుండా ఎట్లా దించాలో, నీళ్ళు కాడకు తగలకుండా ఎట్లా పోయాలో కూలి ఆడవాళ్ళకు తనే నాటి చూపించింది. ఎన్నో ఏళ్ళ తర్వాత పొలం మట్టి ఆమె గోళ్ళ సందుల్లోకి పోయింది.

తావుర్యా భార్య ద్వాలి గట్టు మీద నిలబడి సందేహంగా చూస్తోంది. "ఇంట్ల పెరిగిన మొక్కలక్కా ఇవి. రాత్రికి చలిగాలి కొడుతున్నది ఈడ. బతుకుతయా?"

"బతుకుతయ్. ఇంట్ల పుట్టినయ్, కాని నేను వీటిని ఊకె ఇంట్లనే కూసోబెట్టలే," అంది వందన. "రేపు పొద్దుగాల నువ్వే వచ్చి సూడు, ఆకు నిలబడి ఉంటది."

పొద్దున్నే ద్వాలి ఫోన్ చేసింది. ఆకులు నిలబడే ఉన్నాయి.

రెండో దఫా మొక్కలు కొద్దిరోజులు ఆలస్యంగా పోయి కింది చెలకలో పడ్డాయి. ఈసారి ఒక్క ట్రే కూడా కుళ్ళలేదు. మార్చి చివరికి పై చెలకలో తీగలు పందిరంతా కప్పేశాయి. ఏప్రిల్ వచ్చేసరికి మిర్యాలగూడ మార్కెట్‌కు తావుర్యా వారానికి రెండుసార్లు కాకరకాయ తీసుకుపోతున్నాడని, అక్కడ కూరగాయలమ్మే ఆడవాళ్ళు అతని బండి కోసం ఎదురుచూస్తున్నారని ఫోన్లో తెలిసింది. వచ్చి చూడమని పట్టుబట్టాడు. ఒక ఆదివారం స్టూడియో మూసి ఇద్దరూ స్కూటరు మీద పోయారు. వచ్చాక నాకు ఆ సంగతులన్నీ వందనే చెప్పింది.

పందిరి కింద నీడ చల్లగా ఉందట. నెత్తికి తగిలేట్టు కాయలు. శ్యాంసుందర్ వంగి వంగి నడుస్తూ, కెమెరా తేనందుకు తనను తానే తిట్టుకున్నాడట. ద్వాలి ఉల్లిపాయ, కారం దట్టించి కాకరకాయ వేయించి, జొన్నరొట్టెలతో పెట్టింది. తింటూ ఉండగానే మాట తెచ్చింది.

"అక్కా, వచ్చే ఏడు నాకు బీర గూడ కావాలె. ఆయనను అడిగేది లేదు. నేనే చెప్తున్న."

"నేను వద్దంటినా?" అన్నాడు తావుర్యా.

"అనకముందే చెప్తున్న."

"ఇస్త," అంది వందన. "కాకర, బీర రెండు ఇస్త. మా దిక్కు కోదాడ నుంచి గూడ ఇద్దరు అడిగిండ్రు. వచ్చే చలికి పైన రేకుల గదికి గూడ లైట్లు పెట్టిస్తున్న."

ఆ సంగతి శ్యాంసుందర్ అప్పుడే వింటున్నాడు. రొట్టె నములుతూ ఆమె వైపు చూసి, "మరి మనం యాడ పండుకోవాలె?" అన్నాడు. అందరూ నవ్వారు. వందన కూడా నవ్వి ఇంకో రొట్టె అందుకుంది.

బయల్దేరే ముందు ఆమె మళ్ళీ పందిరి కిందికి పోయింది. మెల్లగా తిరుగుతూ ఒక్కో తీగనూ, ఒక్కో కాయనూ పరిశీలించింది. చివరికి తెగులు మచ్చ లేని, కణుపు కణుపుకూ కాయ పట్టిన తీగ ఒకటి ఆమెకు నచ్చింది. దాని మీద నిండుగా ముళ్ళు తేలిన కాయను ఎంచుకొని, కొంగు అంచు నుంచి ఎర్రదారం లాగి కాడకు కట్టింది.

"తమ్మీ, దీన్ని కోయకుండ్రి. ఎర్రగ పండి పగిలేదాక తీగ మీదనే ఉండనీయుండ్రి. పగిలినంక ఫోన్ చెయ్యి, గింజల కోసం నేనే వస్త."

ద్వాలి దగ్గరికొచ్చి ఆ దారాన్ని చూసింది. తన చేతికున్న దారం ఒకటి విప్పి, పక్క తీగ మీద ఇంకో మంచి కాయ వెతికి దానికి కట్టింది.